కాగితం లేక బతికిన ఉప్పుముక్క

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది?" అని. పులి చర్మం కేసు ఏదో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది వేరు. ఒక తిమింగలం గురించి ప్రభుత్వ కాగితంలో "లేదు" అని ఉన్న మాటను కొట్టేయించి, "తెలియదు" అని రాయించాను. అదీ నా గొప్ప పని. వినగానే నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఆ ఒక్క మాట మార్చడానికి ఎంత చెమట పట్టిందో, అంతకుముందు నేనెంత తెలివితక్కువ పని చేశానో కూడా వినండి.

మా ల్యాబ్ నాచారం పారిశ్రామికవాడ వెనక ఉండేది. అడవుల నుంచి, చెక్‌పోస్టుల నుంచి మాంసం ముక్కలు, తోళ్లు, ఎముకలు వస్తే డీఎన్ఏ చూసి అవి ఏ జంతువువో చెప్పడం మా పని. మేకమాంసమని చెప్పి దుప్పిమాంసం అమ్మినవాళ్లు మా రిపోర్టుతో దొరికిపోయేవాళ్లు. కోర్టులో నిలబడాల్సిన పని కాబట్టి పద్ధతి ముఖ్యం. శాంపిల్‌కు లక్క సీలుండాలి, సీలు మీద ముద్ర ఉండాలి, వెంట లెటరుండాలి. ఈ మూడూ చూసి లోపలికి రానిచ్చే కుర్చీ నాది. ఒక్కటి తక్కువైనా రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో "తిరస్కరించడమైనది" అని రాసేవాణ్ని. వెనక నన్ను "రిజెక్టు సారు" అంటారని నాకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ని కూడా.

మా అటెండరు అక్క నాచారం మనిషి, నాకంటే రెండేళ్లు చిన్నదైనా అందరికీ అక్కే. పనైపోయిన ముక్కల్ని వెనకనున్న భట్టీలో కాల్చే బాధ్యత ఆమెది. కాల్చాలంటే దహన పత్రం మీద నా సంతకం కావాలి. ఒకసారి ఆమె తొందరపడి ఒక కుందేలు తోలును సంతకానికి ముందే భట్టీలో వేసేసింది. నెల్లాళ్లు సాధించాను. "కాగితం లేకుండా ఈ ల్యాబ్‌లో వెంట్రుక కూడా కదలొద్దు" అని గోడ మీద రాసి పెట్టించాను. ఆమెకు చదువు అంతంతమాత్రమే అయినా ఆ ఒక్క వాక్యం కంఠతా వచ్చేసింది.

ఇక తిమింగలం సంగతి. రాష్ట్రం విడిపోవడానికి మూడు నాలుగేళ్ల ముందు, కాకినాడ వైపు ఒక మత్స్యకారుల పల్లె ఒడ్డుకు పెద్ద జంతువొకటి కొట్టుకొచ్చింది. లారీ అంత పొడవు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. అప్పటికే కుళ్లిపోయి ముఖం చెదిరింది. ఫొటోలు చూసి తిమింగలాలు తెలిసిన ఒక పెద్దాయన అదే అన్నారు, ఇంకొకాయన కాదన్నారు. అదే అంటే ఏది? దానికి తెలుగులో పేరున్నట్టు మాకెవరికీ తెలియదు. ముక్కు తిమింగలం అని మేమే పెట్టుకున్నాం. గంటకు పైగా ఊపిరి బిగబట్టి, కిలోమీటరు దాటిన లోతుకు, వెలుగే చేరని నీళ్లలోకి దిగి మేత వెతుక్కునే జంతువది. ఒడ్డుకు కొట్టుకొస్తే తప్ప మనిషి కంటపడడం అరుదు.

అప్పుడే ఢిల్లీలో ఒక కమిటీ మన సముద్ర జలాల్లోని జంతువుల స్థితి మీద పుస్తకం తయారు చేస్తోంది. ఒక్కో జంతువుకు ఒక్కో పేజీ. ఏది బాగుంది, ఏది తగ్గిపోతోంది, దేన్ని కాపాడాలి అని రాస్తారు. ముక్కు తిమింగలం పేజీలో ఒకే వాక్యం ఉంది, మన జలాల్లో ఉన్నట్టు నమ్మదగిన ఆధారం లేదని. దానికి నష్టమేమిటి అంటారా? ఈ జంతువు చెవులతో బతుకుతుంది. చీకట్లో శబ్దం చేసి, దాని మారుమోత విని దారి చూసుకుంటుంది. సముద్రం అడుగున చమురు వెతికేవాళ్లు నీళ్లలో ఫిరంగుల్లాంటి మోతలు మోగిస్తూ పోతారు. వాళ్లకు అనుమతి ఇచ్చేవాళ్లు ముందుగా ఈ పుస్తకం తిరగేస్తారు. జంతువే లేదని రాసి ఉంటే దాని గురించి అడగాల్సిన ప్రశ్నే ఉండదు.

ఆ వానాకాలం ఒకే వారంలో రెండు పార్సిళ్లు వచ్చాయి. రెండూ ఆ జంతువువే. మొదటిది అక్కడి అటవీశాఖ ఆఫీసు పంపింది. గాజు సీసా, లక్క సీలు, గుండ్రటి ముద్ర, మూడు కాపీల లెటరు. చూడగానే కడుపు నిండింది. లోపల మాంసం ముక్క ఫార్మలిన్‌లో తేలుతోంది. రెండోది బస్సు పార్సిల్‌లో వచ్చింది. పాత పచ్చడి సీసా, మూతకు గుడ్డ, గుడ్డకు పురికొస. లోపల ఉప్పు, ఉప్పులో నల్లటి తోలుముక్క. లెటరుకు బదులు నోటుబుక్కులోంచి చింపిన కాగితం, తిమింగలాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి రాసింది. "సార్, ఇది కూడా అదే తిమింగలం. మా పిన్ని ఉప్పు వేసి ఉంచింది. పనికొస్తుందేమో చూడండి." మూత కాస్త తిప్పానో లేదో, గదంతా ఎండుచేపల సంత అయింది.

"ఇది ల్యాబా, చేపల బజారా? పడెయ్ అక్కా!" అన్నాను.

"కాయిదం ఇస్తరా సార్?"

"దీనికి కాయిదమేంది? ఇది శాంపిలే కాదు" అని కసిరి, ఎర్ర ఇంకు పెన్ను తీశాను.

ఫార్మలిన్ మాంసం రూపాన్ని కాపాడుతుంది కానీ లోపలి డీఎన్ఏను పాడు చేస్తుందని మీకు మొదటి ఏడాదే చెబుతారు. నాకూ చెప్పారు. ఉప్పు నీటిని లాగేసి కుళ్లనివ్వదని, డీఎన్ఏకు అంతకంటే చవకైన కాపలా లేదనీ నాకు తెలుసు. కానీ పచ్చడి సీసాలో ఉండేసరికి ఆ ఉప్పు నా కంటికి ఉప్పులా కనబడలేదు. సీలు అందం చూసి పాడైన ముక్కను పెళ్లికొడుకులా లోపలికి పిలిచాను, మంచి ముక్కను గుమ్మంలోంచే తరిమేశాను. చదివేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

ఫార్మలిన్ ముక్కను మూడుసార్లు పరీక్షించాం. ఏమీ రాలేదు. నాలుగోసారి ఫలితం వచ్చింది. ల్యాబంతా సంబరం, నేనైతే అందరికీ సమోసాలు తెప్పించాను. కంప్యూటర్‌లో పోల్చి చూస్తే అది మనిషి డీఎన్ఏ. ఇలాంటి పొరపాట్లు పట్టుకోవడానికి మా సిబ్బంది అందరి డీఎన్ఏ వివరాలు ల్యాబ్‌లోనే ఉంటాయి. వాటితో పోల్చారు. అది నాదే! మూతికి గుడ్డ కట్టుకోకుండా సీసా మీద వంగి ఉపన్యాసాలిచ్చిన ఫలితం. మా పెద్ద సారు, అంటే ల్యాబ్ అధిపతి, గుంటూరు వైపు మనిషి, ఆ కాగితం చూసి, "ఏమండీ, కాకినాడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది మీరేనన్నమాట" అన్నారు. చివరికి "ఫలితం రాలేదు" అని రిపోర్టు రాసి పంపాం. నా మటుకు ఆ కథ ముగిసింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం ఆ అమ్మాయే వచ్చింది. రైలు దిగి, సిటీ బస్సు పట్టుకుని ఉప్పల్ చౌరస్తాలో దిగి, అక్కడి నుంచి ఆటోలో. ముప్పై ఏళ్లుండవు. భుజాన సంచి తీయకుండానే నా బల్ల ముందు నిలబడింది.

"సార్, కమిటీ ఇంకో పన్నెండు రోజుల్లో ఆ పుస్తకం ముగించేస్తుందండి. ఆధారం లేదని అచ్చయిపోతే మళ్లీ ఎన్నేళ్లకు తెరుస్తారో. ఆ ఫార్మలిన్ ముక్క ఎలాగూ రాదు కదండి, ఆ పచ్చడి సీసా చూశారా?"

"అది పద్ధతి ప్రకారం రాలేదమ్మా. పారేశాం."

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ జంతువును పొక్లెయిన్‌తో ఇసకలో పూడ్చారండి. తర్వాత ఆటుపోట్లకు ఆ ఇసకే కొట్టుకుపోయింది. ఎముక కూడా మిగల్లేదు. మా పిన్ని రోజూ ఉప్పు మార్చింది సార్, ఎండబెట్టే వంజరం చేపకు మార్చినట్టు. నవ్వినోళ్లు నవ్వారు. 'మా అమ్మాయి చదువుకు పనికొస్తుంది' అని ఆవిడ ఊరుకుంది. ఆవిడకేం చెప్పమంటారు?"

సర్వీసులో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు. అప్పుడు గుమ్మం దగ్గర టీ కప్పులు తీస్తున్న అక్క గొంతు వినబడింది.

"పడెయ్యలే సార్."

"ఏంది?"

"ఎట్ల పడేస్త? మీరు కాయిదం ఇయ్యకపోతిరి. కాయిదం లేకుంటే వెంట్రుక గూడ కదలొద్దని మీరే గోడమీద రాపిచ్చిన్రు గద. బయట పడేస్తే కుక్కలు గుంజుకపోతయి. స్టోరు రూముల కింది అరల వెట్టిన. నాలుగు నెలలసంది సూస్తున్న, సారు ఎప్పుడు సంతకం జేస్తడా అని. అడిగితే మల్ల కసురుతరు."

ముగ్గురం స్టోరుకు పరుగెత్తాం. పాత ఫ్రిజ్ వెనక, యాసిడ్ సీసాల పక్కన, పురికొస ముడి కూడా విప్పకుండా ఉంది. ఆ వాసన ఇంకా వస్తూనే ఉంది. ఈసారి అది నాకు అత్తరులా అనిపించిందంటే నమ్మండి.

సీసా దొరికింది కానీ రిజిస్టర్‌లో ఎర్ర ఇంకు ఉంది. తిరస్కరించిన శాంపిల్‌ను పరీక్షిస్తే కమిటీ ఒప్పుకోదు. నేరుగా పెద్ద సారు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చూడండి, ఈ ఎర్ర రాతను కొట్టేయాలంటే మీరే కొట్టేయాలి. పక్కన కారణం రాయాలి. రేపు ఏ పులి కేసులోనో లాయరు ఈ పేజీ పట్టుకొచ్చి, ఈయన పొరపాట్లు చేసే మనిషి అంటాడు. మీ ఇన్నేళ్ల పేరు. ఆలోచించుకోండి" అన్నారు.

ఆలోచించాను. టీ చల్లారేంతసేపు ఆలోచించాను. పేరు పోతుందని భయం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ పేరు తెచ్చుకోవడానికి ఎంతమంది తెచ్చిన పార్సిళ్లను గుమ్మంలోంచి తిప్పి పంపానో అప్పుడే గుర్తొచ్చింది. వాటిలో ఇంకెన్ని ఇలాంటివి ఉన్నాయో ఇక తెలియదు. రిజిస్టర్ తెచ్చి, ఎర్ర రాత మీద నీలం గీత కొట్టి, "పరిశీలించకుండా తిరస్కరించితిని. పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి అది పని కాదు, పంతం.

ముందు ఆ ముక్క ఎవరి చేతుల్లోంచి వచ్చిందో రాతలో ఉండాలి. అమ్మాయి పిన్నికి ఫోన్ కలిపాం. స్పీకర్‌లో ఆవిడ గొంతు ఖంగుమంది. "నేనేనండి కోసింది, ఈపు మీంచి. చేపలు కోసే కత్తే, కడిగి మరీ కోశాను. రోజూ నీరు వంపేసి కొత్త ఉప్పేశాను. ఏటండి, మా ఉప్పు మీద అనుమానమా?"

"అనుమానం మా మీదేనమ్మా" అన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. మర్నాటికి పంచాయతీ ఆఫీసు నుంచి ఆవిడ సంతకంతో ఫ్యాక్స్ వచ్చింది.

ఊళ్లో అమ్మాయికి ఎవరూ లేరు. అక్క తన ఇంటికి తీసుకుపోయింది. బయట ఉద్యమం జోరుగా ఉంది, రోజుకో ధర్నా. పొద్దున వచ్చీ రాగానే ఇద్దరి వాదన మాత్రం చేపల పులుసు మీద. "గంత చింతపండు వోస్తే చేప ఏడ కనవడ్తది?" అని అక్క, "మీరు వేసే కారానికి చేపే పారిపోతుందండి" అని అమ్మాయి.

మొదటి పరీక్ష విఫలమైంది. ముక్కలో ఉప్పు అతిగా ఉండి మా రసాయనాలు పనిచేయలేదు. నేను తల పట్టుకుని కూర్చుంటే అక్క అంది, "ఉప్పుచేప వండెటప్పుడు నీళ్లల్ల నానవెట్టి, ఆ నీళ్లు పారవోసి, మల్ల నానవెడ్తం గద సార్. గట్ల జేసిన్రా?" చేయలేదు. అరగంటలో అయిపోవాలని తొందరపడ్డాను. ఈసారి శుద్ధి చేసిన నీళ్లలో గోరంత ముక్కను ఒక పూటంతా నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చాం. నేను మూతికి గుడ్డ కట్టుకున్నాను, రెండు జతల తొడుగులు వేసుకున్నాను, నోరు మూసుకున్నాను. మూడోదే కష్టమైంది.

డీఎన్ఏ వచ్చింది. ఇక దాన్ని పెద్ద మిషన్‌లో చదివించాలి. చివరి రోజు సాయంత్రం ఐదుకల్లా రిపోర్టు ఢిల్లీ చేరాలి. సరిగ్గా ఆ రోజే బంద్.

మా ఇల్లు బోడుప్పల్‌లో. బస్సుల్లేవు, ఆటోల్లేవు. తెల్లారగానే నడక మొదలుపెట్టాను. అప్పటికి మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు, ఉప్పల్ చౌరస్తా ఒక మైదానంలా ఖాళీగా ఉంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జెండా పట్టుకున్న ఒకతను అడ్డం వచ్చాడు.

"ఎటు వోతున్నవ్ మామా? ఇయ్యాల బంద్ ఎర్కలేదా? ఆఫీసులు నడవయ్."

"ఆఫీసుకు కాదు బిడ్డా. ఒక తిమింగలం పని ఉన్నది."

"తిమింగలమా? నాచారంల?" అందరూ ఒకటే నవ్వు. నాకు కోపం రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. సముద్రంలో ఒక జంతువుంది, అది లేదని కాగితంలో రాశారు, ఇవాళ ఐదు గంటల్లోపు ఉందని చూపించకపోతే అది లేనట్టే. నవ్వు ఆగింది. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న పెద్దమనిషి లేచాడు. "ఉన్నదాన్ని లేదంటే ఎట్ల మండుతదో మాకు తెల్వదా? పోనియ్యున్రి. ఓ అన్నా, జర తిని పో." విస్తట్లో వేడి అన్నం, పప్పు పెట్టాడు. నిలబడే నాలుగు ముద్దలు తిని నాచారం దారి పట్టాను.

అక్క, అమ్మాయి నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు. పెద్ద సారు తార్నాక నుంచి నడిచొచ్చారు, బూట్లు చేతిలో పట్టుకుని. మిషన్ నడిపే ఆపరేటర్ రాలేకపోయాడు. ఫోన్‌లో అతను చెబుతుంటే నేను, అమ్మాయి నడిపాం. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, మిషన్ ఆగలేదు.

మూడున్నరకు ఫలితం తెర మీదికి వచ్చింది. ముందు, మా పొరపాటు పట్టుకోవడానికి ముక్క వేయకుండా నడిపిన ఖాళీ ట్యూబులు చూశాను. వాటిలో ఏమీ లేదు. అంటే ఈసారి నేను లేను! తర్వాత అసలుది. పోల్చిచూస్తే ముక్కు తిమింగలం. సందేహం లేదు. అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నాలుగు నెలల క్రితం రావాల్సిన ఏడుపు అప్పుడొచ్చింది. నాకూ కళ్లు మసకబారాయి. పెద్ద సారు రిపోర్టు మీద సంతకం పెట్టి, నాలుగూ నలభైకి తన చేతులతోనే పంపారు.

వారం తర్వాత కొత్త పేజీ వచ్చింది. "మన జలాల్లో ఉన్నట్టు నిర్ధారణ అయినది. ఎన్ని ఉన్నవో, ఏ స్థితిలో ఉన్నవో నిర్ణయించుటకు సమాచారం చాలదు." నేను చదివి వినిపిస్తే అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గింత కష్టపడి, గంత దూరం నడిసి, ఆఖరికి తెల్వదని రాపిచ్చిన్రా సార్? కొండను తవ్వి ఎలుకను వట్టినట్టే ఉన్నది."

"లేదు అంటే ఎవరూ వెతకరు అక్కా. తెలియదు అంటే ఎవరో ఒకరు వెతకాలి" అన్నాను. ఆ వెతికేది ఎవరో నాకు తెలుసు. అమ్మాయి ఆపాటికే పడవ కోసం దరఖాస్తు రాసుకుంటోంది. ఆ సముద్రంలో చమురు కోసం శబ్దాలు చేయదలచినవాళ్లను ఈ పేజీ చూపించి ప్రశ్నలడిగారని ఆ తర్వాత విన్నాను. శబ్దాలు ఆగాయా అంటే నేను చెప్పలేను. అడగకుండా మాత్రం సాగలేదు.

పెద్ద సారు చెప్పినట్టే ఒక చర్మం కేసులో లాయరు ఆ నీలం గీత ఉన్న పేజీ పట్టుకొచ్చాడు. "మీరు పొరపాట్లు చేస్తారా?" అని అడిగాడు. "చేస్తాను. చేస్తే రాస్తాను. అది రాసినందుకే కదా మీకు దొరికింది" అన్నాను. జడ్జిగారు నవ్వాపుకోలేకపోయారు.

నేను రిటైరైన రోజు, శాలువాలు, దండలు అయిపోయాక అక్క ఒక మాసిపోయిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దహన పత్రం. పచ్చడి సీసా వచ్చిన రోజు తేదీ వేసి, సంతకం చోటు ఖాళీగా ఉంది. నేను కసిరినా ఆ రోజే ఆమె పత్రం నింపించి పెట్టుకుందన్నమాట. మిగిలిన ఉప్పుముక్క ఇంకా ఆ సీసాలోనే, ఇప్పుడు గాజు బీరువాలో ఉంది.

"ఇదొక్కటి ఉండిపోయింది సార్. రేపట్నించి మీరు రారు. ఇయ్యాలనన్న సంతకం జేస్తరా?"

పెన్ను తీసుకుని, "కాల్చరాదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో చివరి సంతకం అదే. అక్క దాన్ని పట్టి పట్టి చూసి, మడిచి, సీసా కింద పెట్టింది. ఇప్పుడు దానికి కాగితం ఉంది.